పిల్లల అకౌంట్

వినోదక్కా,

ఇన్నేళ్ల తర్వాత ఉత్తరమేమిటని కంగారు పడకు. ఫోన్‌లో చెప్పలేకనే రాస్తున్నాను.

పోయిన నెల మీ మరిది నన్ను హన్మకొండ చౌరస్తాకు తీసుకెళ్లి కొత్త కంప్యూటర్ కొన్నారు. ఇంట్లోనే చదువుకుంటానంటే ఒప్పుకున్నారని ఎంత సంబరపడ్డానో. "ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలె మేడమ్?" అని షాపతను అడిగాడు. కాలేజీలో నేర్చుకున్న లినక్స్ చాలన్నాను.

"ఆమెను అడుగుతవేంది? విండోస్ వెయ్యి. ఆమె ఏం చూస్తాందో నా ఫోన్ల కనపడాలె" అన్నారు మీ మరిది.

అలా కావాలంటే నన్ను పిల్లల అకౌంట్ కింద చేర్చాలని అతను నసిగాడు. "చేర్చు" అన్నారు. ముప్ఫై రెండేళ్ల నాకు పదకొండేళ్లని రాయించారు. నేను కౌంటర్ మీది మౌస్ డబ్బాను చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు ఏ పేజీ ఎంతసేపు చూశానో ఆయనకు తెలిసిపోతుంది. మొన్న అన్నం తింటూ, "టీచర్ పోస్టుల నోటిఫికేషన్ నలభై నిమిషాలు చూసినవ్. ఇంట్ల నీకేం తక్కువైంది?" అని మెల్లగానే అడిగారు. మరునాడు ఆ పేజీ తెరుచుకోలేదు.

నా సర్టిఫికెట్ల జిరాక్సులు, ఫోటో ఈ కవర్లోనే పెట్టాను. ఇరవయ్యో తారీఖులోపు మీ డోర్నకల్‌లోనే, నీ ఫోన్ నంబరుతో ఆ పోస్టుకు నా అప్లికేషన్ పెట్టించు. జవాబు రాయకు, ఫోన్ చేయకు. పరీక్షకు రెండు రోజుల ముందు నువ్వే వచ్చి, నీకు ఒంట్లో బాగాలేదని, చెల్లెను తోడు పంపమని ఆయన్ను అడుగు.

ఆయన ఎదుట నేను రానంటాను. నువ్వు మాత్రం నన్ను వెంటబెట్టుకోకుండా పోకు.

నీ చెల్లెలు