గోత్రం తెలియని వాళ్ళకు

ఏమండీ,

ఇవాళ మీ ఆబ్దికం. జర్మనీ వాళ్ళు చంపేసిన లక్షలాది యూదుల గురించి మీరు బడిపిల్లలకు ఏటా చెప్పేవారు కదా. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరని, వాళ్ళకూ నువ్వులూ నీళ్ళూ వదలమని మన అబ్బాయితో అన్నాను. పురోహితుడు గారు అడ్డొచ్చారు.

"గోత్రం తెలియందే ఎలాగమ్మా?"

"చెప్పడానికి ఇళ్ళల్లో ఎవరినీ మిగల్చలేదండి."

మీ బడి టీచరు రూతమ్మ అరుగు మీంచి, "ఆయన వల్ల కాకపోతే మానండి. ఆదివారం చర్చిలో నేను ప్రార్థన చేయిస్తా" అంది. పక్కనే ఉన్న డ్రిల్లు మాస్టారు మస్తాన్ సాహెబు, "నేనిప్పుడే దువా చేస్తానమ్మగారూ" అంటూ చేతులు చాచాడు.

పురోహితుడు గారికి రోషం వచ్చింది. మీ తర్పణం గడియారం చూసుకుంటూ ముగించిన మనిషి, గొంతు సవరించుకున్నారు.

"తెలియని వాళ్ళకు కాశ్యప గోత్రం చెబుదాం. ఈ నువ్వులు చాలవు, ఇంకా తెప్పించండమ్మా."