తినే ఇంటి వాకిట్లో జోలె

కోడుమూరు,
శ్రావణ మాసం, మూడో శనివారం.

నిన్నటినుంచి మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. తెల్లవారకముందే లేచి, వదులైన నులకమంచం బిగించాను. వేళ్ళు ఇంకా మండుతున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

అక్కకు ఓబులరెడ్డి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాము. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఆముదం కాచి పట్టిస్తున్నావా? బావ దగ్గు ఎట్లుంది? రాజంపేట వైపు వానలు పడ్డాయని బస్సులో వచ్చినవాళ్ళు చెప్పారు. నిజమైతే సంతోషం.

నా గురించి దిగులు పెట్టుకోవద్దు. వేరుశనగ మిల్లులో కాటా పని మానుకుని కూతురింటికి వచ్చినందుకు లోటేమీ లేదు. సరోజ కనిపెట్టుకునే ఉంటుంది. కర్నూలు రాజధాని అయినప్పటినుంచి అక్కడ కట్టడాలు ఎక్కువై, అల్లుడు బండ్లతో రాళ్ళు తోలుతూ వారంలో సగం రోజులు అక్కడే ఉంటున్నాడు. ఇక్కడ రెండు పూటలా జొన్నరొట్టె. మొదట్లో దవడలు నొప్పి పుట్టేవి. ఇప్పుడు అన్నం పెడితేనే కడుపు నిండినట్టు లేదు. నేల నల్లరేగడి. తడిస్తే చెప్పు అక్కడే ఉండి కాలు మాత్రమే పైకి వస్తుంది. మాట్లాడేవాళ్ళు లేరని కాదు, నాకే మాటలు రావు. అది నీకు తెలిసిందే.

ఇక అసలు సంగతి. నవ్వకుండా విను. ఈ వయసులో నేను తంబూర నేర్చుకుంటున్నాను.

ఉగాది తరువాత మా పరుపుల దూది ఏకడానికి దస్తగిరి అని ఒక దూదేకులాయన వచ్చాడు. నా ఈడువాడే. ఆయన దూది ఏకే విల్లును కొడుతుంటే తంతి మోగే మోత విని, పని మానుకుని పక్కన కూర్చున్నాను. దూది తక్కువైతే ఒక మోత, ఎక్కువైతే ఒక మోత. ఎందుకట్లా అని అడిగితే నన్ను వింతగా చూశాడు. సాయంత్రం పని అయిపోయాక, గోడకు ఆనించిన తన తంబూర తీసి తత్వం పాడాడు. ఒక్క తంతి మీటనిమ్మని అడిగాను. ఎవరినీ ఏదీ అడగనివాణ్ణి, ఆ రోజు ఎట్లా అడిగానో నాకే తెలియదు.

అప్పటినుంచి రోజూ ఆయన ఇంటికి పోతున్నాను. మిల్లు అలవాటు పోలేదక్కా. శ్రుతి కుదిరిన రోజున తంతి బిగించే బిరడా ఎక్కడుందో చూసి సున్నంతో గీత పెట్టాను. మరునాడు గీతకు గీత కలిపి మీటితే పిల్లి మూలిగినట్టు మూలిగింది. దస్తగిరి చాలాసేపు నవ్వాడు.

“గాలి మారితే బుర్ర మారతాది రెడ్డీ. ఇదేమన్నా మీ మిల్లు కాటానా?”

ఉక్కపోతకు తంతి వదులవుతుందా, లేక కర్ర ఉబ్బుతుందా అని ఇంకా చూస్తూనే ఉన్నాను. ఆయనకూ తెలియదట. తెలుసుకోవాలని కూడా లేదట.

శనివారం సాయంత్రాలు దస్తగిరి, ఇంకో నలుగురు ఊళ్ళో మఠం దగ్గర కూర్చుని పాడతారు. వాళ్ళ పక్కన కూర్చుని వాయించాలని నాకు ఎంత ఆశగా ఉందో నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కానీ వాళ్ళకొక పద్ధతి ఉంది. తంబూర పట్టినవాడు ముందు జోలె వేసుకుని మూడిండ్ల ముందు వాయించి బిచ్చం తేవాలి. ఆ గింజలు వండి అందరూ తిన్నాకే కొత్తవాడికి గుంపులో చోటు.

ఈ మాట సరోజకు చెబుతుంటే వియ్యపురాలు గంగమ్మ వినింది. ఆమె మంచిదే, కాని మాట పదును.

“మొక్కు ఉన్నోళ్ళు శ్రావణ శనివారం జోలె పడితే దండం పెడతారన్నా. నీకే మొక్కూ లేదు గదా. మా ఇంట్లో కూడు సాలక పట్టినాడంటారు. ఆ మాట మోయాల్సింది నీ కూతురే.”

ఆమె అన్నదీ నిజమే. అందులో తప్పేముంది? కూతురింట ఉండటమే నాకు మెడ వంచుకున్నట్టు ఉంటుంది, ఇక జోలె కూడానా? రెండు శనివారాలు ఊరికే పోనిచ్చాను. తంబూర మాత్రం మానలేకపోయాను.

ఈ పొద్దున, మనల్ని ఎరగని వీధి చూసుకుందామని, తలకు రుమాలు చుట్టి, జోలె, తంబూర తగిలించుకుని ఊరి అవతలి పక్కకు పోయాను. మొదటి ఇంటి ఆమె గుర్తుపట్టి మంచం వాల్చింది. రెండో ఇంట్లో మజ్జిగ ఇచ్చి, అల్లుడు రాళ్ళు ఎప్పుడు తోలుతాడని అడిగారు. జోలెలో ఒక్క గింజ పడలేదు. దస్తగిరితో చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

“అది మర్యాద రెడ్డీ, బిచ్చం కాదు. అయినా మొదటి ఇల్లు నువ్వు తినే ఇల్లే గదా. దాన్ని ఇడిసిపెట్టి యాడ తిరుగుతాండావు?”

ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇది చెప్పల్లనా అన్నాడు.

తిరిగి వచ్చి మా వాకిట్లో నిలబడ్డాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మానుకుని లోపలికి పోతే ఎవరికీ తెలియదు. అయినా పోలేదక్కా. కళ్ళు మూసుకుని మీటాను. గోవిందా అని గొంతు ఎత్తితే, అది నా గొంతు మాదిరి లేదు.

లోపలినుంచి సరోజ కేకేసింది. “చేయి కాళీ లేదు, ముందరికి పోప్పా.”

నా కూతురు నన్ను గుర్తుపట్టలేదు. నిజంగా వాయించేవాడే వచ్చాడనుకుంది. సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియక అట్లాగే మీటుతూ ఉన్నాను. ఇంతలో గంగమ్మ కోడలిని కసురుకోవడం వినిపించింది. శనివారం పూట గోవిందా అన్నవాణ్ణి వట్టి చేతులతో పంపుతారా అంటూ, చాటలో జొన్నలు పోసుకుని తలుపు తీసింది.

నన్ను చూసి ఆగిపోయింది. నేను తల ఎత్తలేదు, తంతి ఆపలేదు. ఎదురింటివాళ్ళు అరుగు మీదనుంచి చూస్తున్నారు. చాట పట్టుకుని వాకిట్లోకి వచ్చాక గింజలు వెనక్కు తీసుకుపోయే ఆచారం వాళ్ళ ఇంట్లో లేదు. అయినా ఆమె ఏం చేస్తుందోనని చాట అంచునే చూస్తూ మీటాను. సరోజ చేతికి పిండితోనే వచ్చి, నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గంగమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. చాట వంచి జొన్నలన్నీ జోలెలో పోసింది. తరువాత, ఎదురరుగుకు కూడా వినపడేటట్టు అంది:

“ఇంగా రెండిండ్లు ఉండాయి గదన్నా. పొద్దెక్కకముందే పోయిరా. అన్నానికి పెందలకాడే రావల్ల, నీకోసం కాసుకోని ఉంటాము.”

ఎదురింటికే పోయాను. వాళ్ళు మంచం వాల్చలేదు, గింజలే పోశారు. ఆ పక్కింట్లోనూ అంతే.

అవి దస్తగిరి ఇంట్లో ఇచ్చి వచ్చి, భోంచేసి ఇది రాస్తున్నాను. సాయంత్రం మఠం దగ్గరికి పోవాలి. సరోజ తానూ వచ్చి వింటానంటోంది. గంగమ్మ వస్తాననలేదు, రాననీ అనలేదు.

నీకొక చిన్న పని. ఈ తంబూర దస్తగిరిది, నాకొకటి చేసుకోవాలంటే బుర్రకు ఎండిన సొరకాయ కావాలి. మీ పాదులో ఈసారి కాసే సొరకాయల్లో గుండ్రటిది ఒకటి కోయకుండా తీగకే ఎండనివ్వు. కూరకు పనికొస్తుందని ఎవరైనా అడిగినా ఇవ్వొద్దు.

బావకు, పెద్దమ్మకు నా దండాలు. నన్ను చల్లగా ఉండమని ఒకసారి మనసులో అనుకో, నాకదే చాలు.

నీ తమ్ముడు
ఓబులరెడ్డి

ఉత్తరం మడిచే ముందు ఇంకొక మాట. సొరకాయ మెడ పొడుగ్గా ఉండకూడదట, దస్తగిరి మరీ మరీ చెప్పాడు. తొడిమ మాత్రం విరగకుండా చూడు.