ఫసలీ తేదీలో బుధవారం

జూన్ 3
ఆఫీసంతా 2000 సంవత్సరపు వైటూకే గొడవలో ఉంటే నాకేమో నైజాం కాలపు ఫసలీ క్యాలెండరు తేదీలు. వాటిని ఇంగ్లీషు తేదీల్లోకి మార్చడానికి నేను రాసుకున్న ప్రోగ్రాం సంగతి లాయరు గారి చెవిన పడింది. ఒక కాగితం జిరాక్స్ ఇచ్చారు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన క్లయింటు సత్యవతమ్మ ఇంటి స్థలం తమ తాతదని ఎవరో చూపిస్తున్న ఉర్దూ కాగితం. అసలుది ఇంకా కోర్టులో వేయలేదు. "ముప్పై ఏళ్లు సినిమావాళ్లకి బట్టలు కుట్టి కట్టుకున్న ఇల్లమ్మా," అంది ఆమె.

జూన్ 5
కాగితంలో ఆ తేదీకి జుమేరాత్, అంటే గురువారం. నా ప్రోగ్రాంలో బుధవారం... ముందు నన్నే అనుమానించుకున్నాను. చేత్తో మూడుసార్లు లెక్కేశాను. బుధవారమే. కాగితం అబద్ధమాడుతోంది.

జూన్ 6
కాగితంలో వారం తప్పని టిఫిన్ దగ్గర అన్నతో అన్నాను. ప్లాట్ల వ్యాపారం కదా, నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. దోసె చల్లారిపోయింది.
"మరి ఏ వారం ఉండాలె?"
చెప్పాను. ఎందుకు చెప్పానో.

జూన్ 8
బస్సులో, చెక్‌పోస్టు దగ్గర గుర్తొచ్చింది. నా మొదటి ప్రోగ్రాంలో లీపు సంవత్సరం లెక్క తప్పు — ఒక రోజు ముందుకు పోయేది. ఆఫీసులో పాతది నడిపి చూశాను. గురువారం.
అరవై ఏళ్ల కాగితం నేను మొన్న సంక్రాంతికి చేసిన తప్పే ఎలా చేస్తుంది?
ఆ పాతది ఫ్లాపీలో ఒక్కరికే ఇచ్చాను. మార్చిలో. "పాత కాగితాలు చూసుకోనీకి, చెల్లె."

జూన్ 9
అన్న ముఖం చూడలేకపోతున్నాను. చిన్నప్పుడు నాకు లెక్కలు నేర్పింది వాడే.

జూన్ 11
లాయరు గారి ఫోన్. "గా జిరాక్స్ తప్పని అవతలోళ్లు అంటున్రమ్మా. అసలు కాగితంల బుధవారమే ఉన్నదట. సోమవారం కోర్టుల వేస్తరట."
బుధవారమని నేను ఒక్కరికే చెప్పాను. లాయరు గారికి కూడా అప్పటికి చెప్పలేదు.
గురువారం ఉన్న జిరాక్స్, పాత ప్రోగ్రాం కాపీ ఇంట్లో నా డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను. నాకు భయంగా ఉంది. అన్నంటే భయం ఇదే మొదటిసారి.

జూన్ 12
సత్యవతమ్మ జాకెట్టు కుట్టి పంపింది. కొలత ఇవ్వకుండానే సరిపోయింది. ఏడుపొచ్చింది.

జూన్ 13, ఆదివారం
పొద్దున్నే అన్న గుమ్మంలో.
"చెల్లె, నీ డ్రాయర్ తాళంచెవి జర ఇయ్యి. స్టేప్లర్ కావాలె."
స్టేప్లర్ హాల్లో టీవీ మీదే ఉంది. వాడి వెనకే, నాకు కనిపిస్తూనే ఉంది.