ఫహాహీల్‌లో ఒక బర్గండి సీసా

అమ్మాన్, జోర్డాన్
24-9-1990

చి.ల.సౌ. గంగాదేవికి, బాలసుబ్బయ్య ఆశీర్వదించి రాసేదేమంటే, నేను ప్రాణాలతో ఉన్నాను. ఆ ఒక్క మాట ముందు అమ్మ చెవిన వేసి, తర్వాత ఈ జాబు నిదానంగా చదివి వినిపించు.

కువైత్ నుంచి బయటపడి ఇక్కడ గుడారాల్లో ఉన్నాం. బొంబాయి విమానానికి పేరు పిలిచేదాకా ఇసుకలో కూర్చోవడమే పని. పడుకుని లేచినా అలుపు తీరడం లేదు. ఎవరైనా మాట్లాడిస్తే జవాబు చెప్పడానికి కూడా ఓపిక చాలడం లేదు.

నేను ఎవరింట్లో వంట చేసేవాడినో ఆ ఎమిల్ సార్ సంగతి రాయాలి. ఫహాహీల్‌లో చమురు కంపెనీలో ఫ్రెంచి ఇంజనీరు. ఇరాక్ సైన్యం వచ్చి పడేనాటికి ఆయన భార్యా, కూతురూ సెలవులకు ఫ్రాన్సు వెళ్లి ఉన్నారు. తెల్లవాళ్లను పట్టుకుపోయి, బాంబులు పడకుండా ఫ్యాక్టరీల దగ్గర అడ్డం పెట్టుకుంటున్నారని తెలిసి, ఆయన వంటింటి వెనక సామాన్ల గదిలో దాక్కున్నాడు. తలుపుకు అడ్డంగా బీరువా జరిపాను.

కరెంటు ఉండేది కాదు. ఆ ఉక్కలో ఆయనకు పొద్దుపోయేది కాదు. మా ఇద్దరి మాటలూ వచ్చీరాని అరబ్బీలోనే. మాట్లాడితే బర్గండి అనే తన సీమ గురించే. అక్కడ తూర్పుకు తిరిగిన పొడుగాటి కొండవాలు ఉందట. వాలంతా ఒకటే నల్లద్రాక్ష. అయినా దిగువన బంకమట్టి నేలలో కాసినదాని వైను ఒక రుచి, నడిమి వాలులో సున్నపురాయి మీద కాసినదాని వైను ఇంకో రుచి. మధ్యలో మోకాలెత్తు గోడ ఉంటే, గోడకు ఇవతల ఒక పేరు, అవతల ఒక పేరు.

మొదట్లో నాకది డబ్బున్నవాళ్ల చాదస్తం అనిపించింది. ఒకే తీగ, ఒకే పండు, గోడ దాటితే రుచి మారుతుందా సార్ అని అడిగేశాను. మీ ఊళ్లో ఏం పండుతుందని ఆయన తిరిగి అడిగాడు. మామిడి అన్నాను. చెబుతుంటే నాకే తట్టింది. మన కోడూరులో ఒకే చెట్టు అంటు తెచ్చి నాటినా, ఎర్రనేల బేనీషా తీపి వేరు, వంక పక్క ఇసుకనేల బేనీషా తీపి వేరు కదా. ఆ మాట చెప్పగానే ఆయన నా చేయి పట్టుకుని, అంతే సుబ్బయ్యా, ఇంకేం లేదు, మేమూ మట్టినే తాగుతాం అన్నాడు. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి చెప్పేవాడు. వడగళ్లు పడిన ఏడు, మంచు మొగ్గలు మాడ్చిన ఏడు, ఆయన నాన్న తోటలో కూర్చుని ఏడ్చిన ఏడు.

ఒక మధ్యాహ్నం, పక్క వీధిలో పనిచేసే మన రాయచోటి హుస్సేన్ వలి వచ్చాడు. రేపు పొద్దున బస్రాకు బస్సు పోతాదప్పా, నీ పేరు రాయించినా, ఇంగ ఈ ఊరు మనకు ఖలాస్ అన్నాడు. సార్‌ను ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది వలీ అన్నాను. మా తెలుగులో బస్రా, ఖలాస్ అన్న రెండు మాటలు గదిలోంచి విని ఎమిల్ సార్ సంగతి పట్టేశాడు. యల్లా సుబ్బయ్యా, నీకు పిల్లలున్నారు, పైఅంతస్తు కువైతీ ముసలాయన నాకింత తిండి పెడతానన్నాడు, వెళ్లు అని కసిరాడు.

వలి వెళ్లాక, బియ్యం డబ్బా వెనక ఉన్న సీసా తెమ్మన్నాడు. తాగుడు నిషేధమైన దేశంలో ఎవరో స్నేహితుడు దొంగచాటుగా తెచ్చిచ్చిన, వాళ్ల ఊరి వాలు వైను అది. కూతురి పెళ్లికని దాచుకున్నది. వద్దు సార్ అన్నా వినకుండా బిరడా తీశాడు. నేను తాగనని ఆయనకు తెలుసు. వాసన చూడు చాలు అని గ్లాసు నా చేతికిచ్చాడు. తొలకరికి తడిసిన మట్టి వాసన, దాని వెనక నేరేడు పండు వాసన. ఆ మాటే చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అరగ్లాసు తాగి, వేడికి కొంచెం పాడైంది, అయినా మా ఊరే అన్నాడు.

మరునాడు పొద్దున సైనికులు మా బిల్డింగు వెతికారు. బీరువా జరిపి ఆయన్ను పట్టుకుపోయారు. నా ఇఖామా గుర్తింపు కార్డు చూసి, ఇండియావాడివా, పో అన్నారు. బస్సు ఎక్కేశాను. ఆయన ఎక్కడున్నాడో ఇక్కడ ఎవరినడిగినా తెలియదంటున్నారు.

అమ్మ మందులు మానకుండా చూడు. పిల్లల్ని తిట్టొద్దు. నేను రాగానే కొన్నాళ్లు ఊరికే పడుకుంటాను, ఎవరూ ఏమీ అడగొద్దని చెప్పు.

నీ మేలు కోరే
బాలసుబ్బయ్య

తా.క.: గంగా, ఇది నువ్వు ఒక్కదానివే చదువుకో. బీరువాను సైనికులు జరపలేదు. తెల్లవాళ్లను దాచినవాళ్లకు చావే శిక్ష అని ముందే చాటారు. ఆ పొద్దున సార్‌కు రొట్టెలు పెట్టి పోదామని తెస్తుంటే మెట్ల మీద నన్ను పట్టుకున్నారు. ఈ పూటే బస్సెక్కి పోతున్నానంటే, ఊరు విడిచిపోయేవాడికి ఇన్ని రొట్టెలెందుకన్నారు. దారిలో తినడానికి అంటే నమ్మలేదు. వంటింట్లోకి ఈడ్చి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మెడకు తుపాకి ఆనించారు. సార్ లోపల ఊపిరి బిగబట్టి ఉంటే వాళ్లకు దొరికేవాడు కాదు. తనే బీరువాను నెట్టుకుని చేతులెత్తి బయటికొచ్చాడు. వంటవాడిని నేనే బెదిరించాను, వాడి తప్పేం లేదు అని అరబ్బీలో చెప్పాడు. బీరువా కదిలిన చప్పుడు వినగానే, రావొద్దు సార్, లోపలే ఉండు అని నేను గొంతు చించుకుని అరిచాను గంగా. ఆ భయంలో నోటికి తెలుగే వచ్చింది. ఆయనకు తెలుగు రాదు.