పిండితే నీళ్లు కారే మంచు

హిద్, బహ్రెయిన్

లసుమక్కా, నేను క్షేమం, ఒక్క దెబ్బా తగల్లేదు. ఫోన్లో చెబితే సగంలోనే ఏడుపందుకుంటావని కార్డు రాస్తున్నాను.

నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ కొడుకు యూసుఫ్ మంచుకొండల మీద స్కీయింగుకని జార్జియా వెళ్తూ వంటకు నన్నూ తీసుకెళ్లాడు. పొద్దున మంచు గట్టిగా ఉన్నప్పుడు ఒకసారి జారి వచ్చాడు. పదకొండింటికి మళ్లీ ఎక్కుతానన్నాడు. అప్పటికే ఎండకు మోకాళ్ల దాకా దిగబడుతున్నాం. గైడు వద్దన్నా వినలేదు. నేను పిడికెడు మంచు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. ఇక్కడ బహ్రెయిన్లో ఆరేళ్లు గుంతలు తవ్విన చేతికి ఆ తడి తెలియదా? మన్ను అలా కారిన రోజు మేం గుంతలో దిగేవాళ్లం కాదు. ఆ మాటే చెబితే నవ్వాడు. బగారన్నం గిన్నె మూత తీశాను. వాసనకు కూర్చున్నాడు. రెండో ముద్ద నోట్లో ఉండగానే ఎదురుగా అతను ఎక్కుతానన్న వాలు మీది మంచు మొత్తం తడి కాంక్రీటులా బరువుగా కిందికి దిగిపోయింది. అతను నమలడం ఆపి నా వైపు చూశాడు.

"తిను భాయ్, ఇంక తొందరేం లేదు" అన్నాను.

వానాకాలం దగ్గరికొచ్చింది. పోయినసారి ఊరికొచ్చినప్పుడు పెరటి మట్టిగోడ ఉబ్బిందని నేనంటే "ఏమైతదిరా, తాత కట్టిన గోడ" అన్నావు. వాన పడ్డాక దాని అడుగు మన్ను పిండి చూడు. నీళ్లు కారితే బర్రెను అక్కడ కట్టెయ్యకు, నువ్వూ ఆ నీడన కూర్చుని బీడీలు చుట్టకు. బావకు దండాలు. వాన వెలిసిందని మాత్రం గోడను నమ్మకు. ఆ కొండ జారింది మంచి ఎండలోనే.

నీ తమ్ముడు పోశెట్టి