ఆరు నెలల కార్డు

చోడవరం,
20-2-1974

చిరంజీవి సౌభాగ్యవతి కనకమహాలక్ష్మికి, అక్క అచ్చియ్యమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమేనా అని వేరే అడగనక్కర్లేదు, అమ్మ పొద్దున లేస్తే నీ కబుర్లే చెబుతుంది. మీ బావ చెరుకు నరికించే పనిలో తలమునకలై ఉన్నారు. రోజూ బండ్లు ఫ్యాక్టరీకి వెళ్తున్నాయి.

అమ్మకి జ్వరమనీ, ఈసారి పంపలేననీ రాశాను కదా. అది అబద్ధం. అమ్మ నోరు చూపించి ఆరు నెలలు నిండాయి, మళ్ళీ పళ్ళ డాక్టరుకి చూపించాలి, విశాఖపట్నం బస్సెక్కించమని నువ్వు రాసిన కార్డుని బియ్యం డబ్బాలో దాచేశాను. కోపమొస్తే రానీ. రెండేళ్ళుగా ఇదే వరస. నువ్వు పిలిపించుకోవడం, అమ్మ తిరిగొచ్చి వీధంతా నోరు తెరిచి చూపించడం. "నొప్పి లేకపోయినా ఆర్నెల్లకోసారి సూపించుకోవాలంట. మా సిన్నగుంట కాబట్టి తీసికెళ్తంది" అంటుంది. పక్కింటి నరసమ్మ అప్పుడు నా వైపు చూస్తుంది. ఏడాది పొడుగునా వండిపెట్టేది నేను, పేరు నీకు.

అదైనా ఓర్చుకునేదాన్నేమో. పొద్దున్నే పెరట్లో పీటలేసుకుని అమ్మా నేనూ అడ్డపొగ పీల్చేవాళ్ళం. నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని, ఒకరి చుట్ట ఆరితే ఇంకొకరు ముట్టించి, ఊళ్ళో కబుర్లన్నీ అప్పుడే. నీ డాక్టరు చెప్పాడని అమ్మ మానేసింది. ఇప్పుడు నేను చుట్ట తీస్తే "ఏటే ఆ కంపు" అని లేచి లోపలికి పోతుంది. పన్నెండో ఏట నాకు చుట్ట ముట్టించి ఇచ్చిన మనిషే. పెరట్లో ఒక్కదాన్నే కూర్చుంటున్నాను కనకం. నిన్ను చూస్తే నాకు కుళ్ళు, ఎందుకు దాచాలి.

అందుకే మొన్న సోమవారం అమ్మని నేనే తీసుకెళ్ళాను. మీ వీధి చివరే బస్సు దిగాం. "సిన్నదాన్ని ఒకపాలి సూసి ఎల్దామే" అని అమ్మ బతిమాలింది. ఆలస్యమైపోతుందని నడిపించేశాను. డాక్టరు అద్దం పెట్టి అమ్మ నోరంతా చూశాడు. రెండేళ్ళ కిందట అంగిట్లో ఉన్న తెల్లమచ్చ ఇప్పుడు లేదట. వేళకి తీసుకొస్తున్నవాళ్ళని మెచ్చుకోవాలన్నాడు. ఆ మెప్పు నేనే పుచ్చుకున్నాను.

ఇక నుంచి నేనే తీసుకెళ్తాను. నువ్వు కార్డులు రాసి శ్రమపడొద్దు.

ఇట్లు,
నీ అక్క
అచ్చియ్యమ్మ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఒక సంగతి దాచాను.

అమ్మని బయట బల్ల మీద కూర్చోబెట్టి, నా నోరూ చూడమన్నాను. ఈ వయసులోనూ చెరుకు గడ పళ్ళతోనే చీలుస్తాను కదా, నన్నూ మెచ్చుకుంటాడనుకున్నాను. డాక్టరు దీపం దగ్గరికి జరిపి అద్దం పెట్టి రెండోసారి చూశాడు. అంగిట్లో ఈ పుండు ఎన్నాళ్ళ నుంచి అన్నాడు. నొప్పి లేదు, నాకు తెలీదన్నాను. నొప్పి ఉంటే ఎప్పుడో వచ్చేదాన్ననీ, నొప్పి లేకే ఇవి ముదురుతాయనీ అన్నాడు. వచ్చే సోమవారం చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాడట. ఇంట్లోవాళ్ళని ఒకరిని తోడు తెచ్చుకోమన్నాడు. మీ బావకీ అమ్మకీ చెప్పలేదు. భయంగా ఉంది.

బియ్యం డబ్బాలోంచి నీ కార్డు తీసి మళ్ళీ చదివాను. అడుగున "నువ్వు కూడా రా అక్కా" అని ఉంది. ప్రతి కార్డులోనూ అదే రాశావు. గొప్పకి రాస్తున్నావనుకున్నాను.

సోమవారం తొలి బస్సుకి వస్తాను. మీ వీధి చివర దిగుతాను. నువ్వు అక్కడ నిలబడి ఉండు.