తొట్టి నిండా నీళ్లు

బావకు జ్యోతి నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మ, నేను, మన పాప అశ్విని ముగ్గురం బాగున్నాం. మనుషుల వరకు ఏ కొరతా లేదు. నువ్వు ఆ ఛత్తీస్‌గఢ్ అడవుల్లో వేళకు తింటూ, బోరు బండి దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నావని తలుస్తాను. నీతో పనిచేసే తిప్పేష్ నిన్న వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. రేపే మళ్లీ బయలుదేరతాడట. మీ క్యాంపులో ఫోన్ పలకదు కాబట్టి అతను వెళ్లేలోగా ఇది రాసి ఇవ్వాలి.

మన పాత బండల ఇంట్లో పడుకోవడానికి బెంగళూరు వాళ్లు నిజంగానే అద్దె ఇస్తున్నారా అని అడిగావు. చదివినప్పుడు నీ నవ్వు వినిపించినట్టే అనిపించింది. ఇస్తున్నారు బావా. నువ్వు తీసేయమన్న నులక మంచం మీద కూర్చోవడానికి వంతులు వేసుకుంటున్నారు. రోలు దగ్గర ఫొటోలు దిగుతారు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ పెడితే గిన్నె నాకేస్తారు. వాళ్లు ఉన్నన్నాళ్లూ మేం ముగ్గురం మోటరు గదిలో చాపలు పరుచుకుంటాం. దానికి అత్తమ్మ రోజూ సణుగుతుంది. "మన ఇంట్లో మనం పండుకునేకి లేదు. వాళ్లు పండుకుంటే అది సెలవంట! యాడైనా ఇన్యామా ఈ యవ్వారం?"

ఆమె మోకాలి నొప్పి గురించి అడిగావు. నూనె రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతోంది. నోరు మాత్రం ఏమీ తగ్గలేదు, దిగులు పడకు.

వచ్చేవాళ్లతో ఇబ్బందేమైనా ఉందా అన్నావు. లేదు. ఎక్కువగా వచ్చేది ప్రశాంతి వాళ్ల గుంపే. ఆ అమ్మాయి పుట్టిల్లు మడకశిర, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. స్నేహితులనూ వాళ్ల పిల్లలనూ వెంటేసుకుని వస్తుంది. మర్యాద తెలిసిన పిల్ల. అందరికీ అన్నిటికంటే ఇష్టమైంది మన తోట తొట్టి. బయటివాళ్లు బత్తాయి అనే మన చీనీ చెట్లకు నీళ్లు పారించడానికి నువ్వు కట్టించిన ఆ తొట్టిలో పిల్లలూ పెద్దలూ దిగి మధ్యాహ్నమంతా ఈదుతారు. సబ్బు నురగ పడిన నీళ్లు చెట్లకూ పనికిరావు కాబట్టి ప్రతి గుంపుకూ పాత నీళ్లు తోడి బయట పారబోసి, కడిగి మళ్లీ నింపాలి. ఈ అద్దె ఇలాగే నడిస్తే నువ్వు బోరు బండి మానేసి ఇంటికి వస్తావన్నది నా ఆశ. ఎవరు ఫోన్ చేసినా "తొట్టి నిండా నీళ్లు ఉంటాయి, రండి" అని నేనే ముందు చెప్పేదాన్ని.

ఇక నువ్వు అన్నిటికంటే ముందు అడిగిన మాట. నేను అన్నిటికంటే చివర రాస్తున్నాను. చీనీ చెట్లకు పిందె కట్టిందా అని అడిగావు.

పిందె కట్టలేదు బావా. పూతే రాలేదు. పూత వచ్చిందని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం.

ఏటా పూతకు ముందు చెట్లకు నీళ్లు ఆపి ఎండగడతాం కదా. ఆకు వాలి, రాలడం మొదలు కాగానే నీళ్లు వదిలితే చెట్టు ఒళ్లంతా పూస్తుంది. ఎప్పుడు వదలాలో ఏటా నువ్వే ఆకు పట్టి చూసి చెప్పేవాడివి. ఈసారి నేనే చూడాల్సి వచ్చింది. ఆకు వాలేసరికి ప్రశాంతి వాళ్లు రిపబ్లిక్ డే సెలవులకు వస్తున్నామన్నారు. వానలు మొహం చాటేసిన ఈ ఏడు మన బోరు పోసే నీళ్లు తొట్టికో తోటకో ఒక్కదానికే సరిపోతాయి. పక్క చేను పుల్లన్న వచ్చి హెచ్చరించాడు కూడా. "ఏమమ్మా జ్యోతీ, చెట్లు బాగా వాడిపోయినాయి. ఇంగ నీళ్లు ఇడ్సల్ల."

"ఇంగా కొన్ని దినాలు ఉండనీ అన్నా. ఎంత ఎండితే అంత పూత వస్తాది" అన్నాను. ఆ మాట నాకు నేనే చెప్పుకుని, నమ్మేశాను. తోటను ఎండగడుతున్నానని ఊరందరికీ చెప్పి, నీళ్లన్నీ తొట్టిలోకి వదిలాను. ఆ రోజుల్లోనే నీకు పూత వచ్చిందని రాశాను. వాళ్లు వెళ్లగానే నీళ్లు వదులుతాను, ఉత్తరం నీకు చేరేలోపు నిజంగానే పూస్తుంది అనుకున్నాను.

వాళ్లు వెళ్లాక శివరాత్రి సెలవుల కోసం తొట్టి కడిగి మళ్లీ నింపాను. అప్పుడైనా ముందు చెట్లకు పెట్టలేదు, చూడు నా బుద్ధి! తొట్టి నిండీ నిండకముందే మోటరు దగ్గింది. తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. బోరు మళ్లీ ఊరుతుందని రోజూ మోటరు వేసి చూశాను. ఊరలేదు. ఊరూరా నీళ్లు పైకి తెచ్చే మనిషికి ఈ సంగతి ఏ మొహంతో రాయను? ట్యాంకరు వాళ్లను అడిగితే ఊళ్లకు తాగడానికే చాలడం లేదన్నారు. పుల్లన్న బోరు కూడా ఆగి ఆగి పోస్తోంది, అతన్ని అడగడానికి నోరు రాలేదు.

మొన్న అత్తమ్మ తోటలోకి వెళ్లి ఒక రెమ్మ విరిచి తెచ్చింది. "ఏమే, ఇరిస్తే పటుక్కుమంటాండాది. పచ్చి యాడుండాది దీంట్లో? ఇది ఎండగట్టేది గాదు, సంపేది" అంది. నేను ఏమీ దాచలేకపోయాను. ఆమె తిట్టలేదు. రెమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

నిన్న ప్రశాంతికి ఫోన్ చేసి రావద్దన్నాను. "తాగే నీళ్లు మేమే తెచ్చుకుంటాం అక్కా. తొట్టిలో ఉండాయి కదా? పిల్లోళ్లు దాని కోసమే ఎగురుతాండారు" అంది.

"ఉండేటివి అవే తల్లీ. చెట్లకు పోస్తాండాను" అన్నాను.

ఆ పిల్ల "చెట్లకే పోయక్కా. మేం ఇంకో చోటు చూసుకుంటాంలే" అంది. కోప్పడినా బాగుండేది. ఫోన్ పెట్టేసి మోటరు గదిలో కూర్చుని గట్టిగా ఏడ్చాను.

కాలువలో వదిలితే దారిలోనే ఇంకిపోతాయని ఈరోజు పొద్దున్నుంచి నేనూ అత్తమ్మా బిందెలతో మోస్తున్నాం. కుంటుకుంటూనే ఆమె నాతో సమానంగా మోసింది. మొదలు పెట్టేటప్పుడు "ఏ పక్కనుంచి పోద్దాం?" అని అడిగింది. కొండ పక్కనుంచి అన్నాను. అక్కడివి లేత చెట్లు, బతికితే ఇంకా చాలా ఏళ్లు కాస్తాయి. రోడ్డు పక్క వరుస దాకా నీళ్లు రావని నాకు తెలుసు. తెలిసే చెప్పాను బావా. అది మన పెళ్లయిన ఏడు మనిద్దరం కలిసి నాటిన వరుస. సాయంత్రానికి తొట్టి అడుగు తేలింది. ఆ వరుసలో ఒక్క చెట్టుకూ చుక్క అందలేదు.

పోసిన చెట్లయినా బతుకుతాయో లేదో నాకు తెలియదు. ఆకు పట్టి చూసి చెప్పే మనిషివి నువ్వు. నన్ను ఎంతైనా తిట్టు, కానీ వచ్చి తిట్టు. బోరు బండి అడిగి తేవద్దు, ఇంకో బోరు మాట ఎత్తవద్దు. నువ్వు వస్తే చాలు. బస్సు దిగగానే ఆ వరుసే ఎదురుగా కనబడుతుంది. అటు చూడకు. తల వంచుకుని నేరుగా ఇంట్లోకి వచ్చేయి.

ఇట్లు,
నీ మరదలు, నీ ఇల్లాలు
జ్యోతి